ముసురులో మెరిసిన పడవ

ముసురు పట్టి వారం దాటింది. అమెరికాలోని మెయిన్ తీరంలో మే నెల చాలాసార్లు ఇలాగే ఉంటుంది. చలికాలం వెళ్ళిపోయిందని దుప్పట్లు మడతపెట్టుకుంటే మళ్ళీ వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. డిటెక్టివ్ అరబెల్లా డయర్ తన ఆఫీసులో పొయ్యి రాజేసి, తడిసిన మేజోళ్ళు దాని ముందు ఆరబెడుతూ ఉండగా ఎవరో తలుపు దబదబా బాదారు.

తలుపు తీసింది ఆమె సహాయకుడు కాల్విన్ పీబాడీ. జీవితమంతా ఇంటింటికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. పెద్ద మీసం, అంతకంటే పెద్ద ఆకలి. అరబెల్లా తెలివి మీద అతనికున్న నమ్మకం చూస్తే ఆమెకే అప్పుడప్పుడూ ఇబ్బందిగా ఉండేది.

గుమ్మంలో ఒక నడివయసు స్త్రీ. కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలికి రాకముందే మాట మొదలుపెట్టింది.

"డయర్ గారు మీరేనా? నా పేరు రోవేనా ఫాస్. గ్రైండల్ రేవు నుంచి వస్తున్నా. మా ఆయన మెరిల్‌ని రేపో మాపో పట్టుకుపోతారండీ. పోలీసులు పట్టుకుపోయినా ఫరవాలేదు. ఊరివాళ్ళే ఏదో చేసేట్టున్నారు."

"ముందు కూర్చోండి," అంది అరబెల్లా. "కాల్విన్, ఆ కోటు తీసి పొయ్యి దగ్గర వెయ్యి. ఇప్పుడు చెప్పండి. చనిపోయిందెవరు?"

రోవేనా ఉలిక్కిపడింది. "ఎవరో చనిపోయారని నేను చెప్పలేదే!"

"చిన్న గొడవలకి ఊరు ఊరంతా ఒకటవదు."

చనిపోయింది ఎజ్రా కార్వర్ అనే ముసలి జాలరి. శుక్రవారం తెల్లవారగానే, ముసురులో చిన్న తెడ్ల పడవ వేసుకుని, లంగరు వేసి ఉన్న తన పెద్ద పడవ దగ్గరికి బయలుదేరాడు. అక్కడికి చేరలేదు. మధ్యాహ్నానికి అతని శవం, పక్క చితికిన తెడ్ల పడవ రాళ్ళ దగ్గర దొరికాయి. ఏదో పెద్ద పడవ గుద్దేసింది. గ్రైండల్ రేవు నీళ్ళు మే నెలలో కూడా మంచులా ఉంటాయి. అందులో పడ్డవాడు ఎంత ఈతగాడైనా కాసేపే.

"ఎజ్రా గారి భార్య హల్డా వంటింటి కిటికీలోంచి చూశారట," అంది రోవేనా. "నీలం పడవ ఒకటి అటుగా వచ్చిందట. ఆగిందట. అక్కడక్కడే చుట్టూ తిరిగి, తర్వాత వెళ్ళిపోయిందట. ఎజ్రా గారి చిన్న పడవ ముసురులో ఆవిడకి ఆనలేదట. బతికున్నాడో పోయాడో చూసుకోవడానికే అలా తిరిగాడంటున్నారు. పడవ అద్దంలా మెరుస్తోందని ఆవిడ చెప్పారు. రేవులో అలా మెరిసే నీలం పడవ మాదొక్కటే."

"మీ పడవ అంతలా ఎందుకు మెరుస్తోంది?"

"అది మా మామగారిదండీ. చలికాలంలో పోయారు. ఎండకీ ఉప్పుగాలికీ దాని రంగంతా చచ్చి, చెయ్యి వేస్తే పొడి రాలేది. మా ఆయన ఏప్రిల్ అంతా దాన్ని రుద్దుతూనే కూర్చున్నాడు. తండ్రి కోసం ఒక్కసారి ఏడవలేదు. ఆ పడవనే రుద్దాడు. ఎజ్రా గారు అది చూసి అందరి ముందూ వెక్కిరించారు. 'లాబ్‌స్టర్లు నీ పడవలో ముఖం చూసుకుని బోనులోకి దూకుతాయనుకుంటున్నావేంట్రా?' అని. మా ఆయనకి ఒళ్ళు మండిపోయి, 'ఇంకోసారి ఆ మాటంటే నిన్నే నీళ్ళలోకి తోస్తా' అన్నాడు. అందరూ విన్నారు."

ఎజ్రా పోయాక ఎవరో మెరిల్ లాబ్‌స్టర్ బోనుల తాళ్ళు కోసేశారు. నిన్న కిటికీ అద్దం పగిలింది. రాయి వచ్చి పడింది సరిగ్గా పిల్లలు పడుకునే గదిలో.

అరబెల్లా ఇంకా పూర్తిగా ఆరని మేజోళ్ళే తొడుక్కుంది.

డిటెక్టివ్ కాకముందు ఆమె బీమా కంపెనీల తరఫున దెబ్బతిన్న పడవల్ని పరీక్షించేది. పడవ ఒంటి మీద గీత చూసి, అది రాయి గీసిందో మనిషి గీశాడో చెప్పేస్తుందని తీరమంతా చెప్పుకునేవాళ్ళు. కారు గ్రైండల్ రేవు వైపు మలుపు తిరుగుతుంటే కాల్విన్ ఆ సంగతే గుర్తుచేశాడు. "ఈ కేసు మీకోసమే పుట్టినట్టుంది."

"ఒక మనిషి చచ్చిపోయాడు కాల్విన్," అంది ఆమె. 

ముందుగా అక్కడి పోలీసు డిప్యూటీ హాస్కెల్‌ని కలిశారు. చితికిన తెడ్ల పడవని అతను జెట్టీ పక్క షెడ్డులో దాచాడు. మంచివాడే గాని తొందరమనిషి.

"చూడండి," అన్నాడు. పడవ అంచు చుట్టూ లావుపాటి తాడు, దాని మీద కాన్వాసు గుడ్డ కుట్టి ఉంది. మరో పడవకి రాసుకున్నా దెబ్బ తగలకుండా ఎజ్రా కట్టుకున్నదది. ఎడమ పక్కన చెక్కలు విరిగాయి. అక్కణ్ణుంచి వెనకదాకా ఆ కాన్వాసు నేతలో లేత నీలం రంగు గట్టిగా ఇరుక్కుని ఉంది. "మెరిల్ పడవ రంగే. ఇంకేం కావాలి?"

అరబెల్లా వంగి ఆ గుడ్డని వేలితో గీకింది. గోటి కింద నీలంపొడి చేరింది. ముగ్గుపిండిలా మెత్తగా ఉంది.

"ఇది పెచ్చులా ఊడలేదు హాస్కెల్. పిండిలా వచ్చింది."

"నీలం నీలమే కదండీ."



మెరిల్ ఫాస్ తన పడవలోనే ఉన్నాడు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉన్నాడు. గడ్డం గీసుకుని చాలా రోజులైంది. నీటి చుక్కలు అతని పడవ పక్కన ముత్యాల్లా నిలబడి, కాస్త కదిలితే చాలు, జారిపోతున్నాయి. అరబెల్లా తెల్ల చేతిరుమాలు తీసి గట్టిగా రుద్ది చూసింది. తడి తప్ప దానికేమీ అంటలేదు.

"దీన్ని ఎలా చేశావు మెరిల్?"

ఇన్నాళ్ళకి నేరం గురించి కాక పని గురించి అడిగిన మొదటి మనిషి ఆమె. అతని ముఖంలో కొంచెం ప్రాణం వచ్చింది. "ఫైబర్‌గ్లాసు ఒంటి మీద ఒక పై పూత ఉంటుందండీ. ఎండ దాన్నే తినేస్తుంది. పైకి సుద్దలా తేలుతుంది. ముందు సబ్బుతో కడిగి, నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్, అదే గరుకు కాగితం, పట్టాలి. తర్వాత మెరుగు పెట్టే కాంపౌండు పూసి, గుండ్రంగా తిరిగే బఫింగ్ మిషన్ పెట్టాలి. నిదానంగా. ఒక్క చోటే ఆపితే పూత మాడిపోతుంది. చివర్న వ్యాక్సు. లోపల అసలు రంగు ఎక్కడికీ పోదండీ, అడుగున అలాగే ఉంటుంది. అది బయటపడుతుంటే..." ఆగిపోయాడు. "మా నాన్న కొన్న రోజు రంగది."

"శుక్రవారం పొద్దున ఎక్కడున్నావు?"

"తూర్పు దీవుల అవతల. బోనులు లాగుతున్నా. ఒంటరిగా. నన్ను ఎవరూ చూడలేదు. ఎజ్రా మామ నోరు అంతేనండీ. మా నాన్న శవపేటిక మోసిన నలుగురిలో ఆయనొకడు. ఆయన్ని నేను చంపుతానా?"

ఎజ్రా పోయిన చోటు చూడాలంది అరబెల్లా. మెరిల్ తన తెడ్ల పడవలో ఇద్దర్నీ ఎక్కించుకున్నాడు. లంగరు దగ్గర ఊగుతున్న పడవలన్నీ వానకి తడిసి నిగనిగలాడుతున్నాయి. కాసేపు తిరిగేసరికి కాల్విన్‌కి దిక్కు తెలియలేదు. ఎదురుగా ఉన్న నీలం పడవ చూపించి, "తిరిగి నీ పడవ దగ్గరికే తీసుకొచ్చావేంటయ్యా?" అన్నాడు.

"నాది కాదండీ. అది లోవెల్ క్రౌలీ మామది. మా నాన్న, ఆయన కలిసి ఒకే రోజు కొన్నారు. ఒకే అచ్చులో పోసిన అక్కచెల్లెళ్ళు ఈ రెండూ. ఆయనది అప్పట్నించీ అలాగే వదిలేశాడు. నేను ఊరికే చేసిపెడతానన్నా ఒప్పుకోలేదు. 'దానికి మెరుపెందుకురా, చూసేదెవడు' అన్నాడు."

అప్పుడే ఒక అల తాకి పడవ ఒరిగింది. కాల్విన్ కంగారుగా చెయ్యి చాచి లోవెల్ పడవని పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చూస్తే అతని పసుపుపచ్చ వానకోటు మోచేతి దాకా పాలు కలిపినట్టు లేత నీలం అయింది.

"కొత్త కోటు!" అని అతను మొత్తుకున్నాడు. అరబెల్లా మాత్రం ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, జబ్బుమనిషి నాడి చూసే వైద్యుడిలా చాలాసేపు చూసింది. "దీన్ని ఉతకొద్దు," అంది.

రేవులో ఇంకే నీలం పడవలున్నాయని అడిగితే, మూడోది ఒకటుందనీ, ఇంజను విప్పేసి శిశిరం నుంచి గట్టు మీదే పడుందనీ మెరిల్ చెప్పాడు.

హల్డా కార్వర్ పొయ్యి ముందు నిలబడి డోనట్లు వేయిస్తోంది. తినేవాడు లేడు. అయినా పిండి కలిపేసిందట, చెయ్యి అలవాటు మానలేదట. ఒక పళ్ళెం కాల్విన్ ముందు పెట్టింది. అతను మొదటిసారిగా తినడానికి మొహమాటపడ్డాడు.

"నేను అబద్ధం చెప్పనమ్మా," అంది హల్డా. కళ్ళు పొడిగా ఉన్నాయి. "మెరిల్‌ని చిన్నప్పుడు ఈ చేతుల్తో ఎత్తుకున్నదాన్ని. వాడే అని చెప్పడం నాకేమైనా సరదానా? కానీ చూసింది చూశాను. పడవ ఆకారం ఆ రెండింటిదే. లోవెల్ పడవైతే సుద్దముక్కలా ఉంటుంది, నాకు తెలీదా? అది మెరిసింది."

"అప్పుడు వాన పడుతోందా?"

"ముసురే. ఇదిగో, ఇలాగే."

"కేకలేమైనా వినిపించాయా?"

"కిటికీ మూసి ఉంది." వేగిన డోనట్ ఒకటి తీసి పక్కన పెట్టింది. "తెరిచి ఉంటే బాగుండేది. రోజూ తెరిచే పెడతా. ఆ రోజే చలిగా ఉందని మూశా."

అరబెల్లా ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని బయటికి వచ్చింది.

లోవెల్ క్రౌలీ ఇల్లు గట్టు చివర. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. జాలరుల సంఘానికి పెద్ద. హల్డా ఫోను చేస్తే అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చిందీ, వెతకడానికి ఊరినంతా లేపిందీ అతనే. నీటి మీద తేలుతూ బోను ఉన్న చోటు చూపించే బెండ్లు, కొత్తగా రంగు వేసినవి, వసారాలో వేలాడుతున్నాయి. పాత గోధుమరంగు మీద, మంట లాంటి నారింజ రంగు, తెల్లటి పట్టీలు.

చప్పుడు విని తలుపు తీసి, "రండమ్మా, అమ్మలిద్దరూ లోపలికి రండి, తడుస్తారు," అన్నాడు. కాల్విన్ గొంతు విన్నాక గాని పొరపాటు తెలియలేదు. "క్షమించండి బాబూ. బుర్ర పనిచెయ్యట్లేదు."

"ఫరవాలేదండీ," అన్నాడు కాల్విన్, మీసం తడుముకుంటూ.

లోవెల్ టీ పోశాడు. కప్పు అంచు లోపల వేలు పెట్టుకుని, వేడి తగిలేదాకా పోసి ఆపాడు. ఎజ్రా గురించి అడిగితే కెటిల్ కింద పెట్టేశాడు.

"మా ఇద్దరికీ ఒకే ఊయల అనేవాళ్ళు మా అమ్మలు. వాడికి నోరెక్కువ. ఆ నోరు లేకపోతే రేవు రేవులా లేదు."

"మీ పడవ ఆ పొద్దున బయటికి వెళ్ళిందా?"

"లేదు. అంతకు ముందు ఆదివారం నుంచీ లంగరు దాటలేదు. నడుము నొప్పి."

"మెరిల్ చేశాడంటారా?"

"నేను ఎవరి మీదా ఏమీ అనలేదమ్మా. ఎవర్నడిగినా చెప్తారు. నేను ఒక్క మాటా అనలేదు."

కారులో కూర్చున్నాక కాల్విన్ నిట్టూర్చాడు. "పాపం, దుఃఖంలో మనిషి కుదేలైపోయాడు. నన్ను ఆడమనిషి అనుకున్నాడంటే చూడండి."

"చూశాను," అంది అరబెల్లా. ఆమె ముఖం ఆకాశం కంటే దిగులుగా ఉంది. "ఈ కేసు నేను తీసుకోకుండా ఉండాల్సింది కాల్విన్."

మర్నాడు పొద్దున ముసురు ఇంకా తెరిపి ఇవ్వలేదు. మధ్యాహ్నానికి వాయవ్యం గాలి మొదలై మబ్బు విడిపోతుందని రేడియో చెప్పింది. అరబెల్లా కోరిక మీద డిప్యూటీ హాస్కెల్ రెండు నీలం పడవల్నీ పోటు నీళ్ళ మీదే జెట్టీ పక్కకి తెప్పించాడు. ఆటు మొదలై నీళ్ళు తగ్గాక అవి గులకరాళ్ళ మీద పక్కపక్కనే నిలబడ్డాయి. అడుగు గీకడానికీ రంగు వెయ్యడానికీ ఆ ఊళ్ళో పడవల్ని అలా నిలబెట్టడం మామూలే. వెనక రాసి ఉన్న పేర్ల మీద గోనెసంచులు కప్పించింది అరబెల్లా. గాలి మొదలైన దగ్గర్నుంచీ కాల్విన్ బకెట్లతో సముద్రపు నీళ్ళు తెచ్చి రెండు పడవల్నీ తడుపుతూనే ఉన్నాడు. ఎందుకో అతనికి తెలియదు. అడిగితే, "ఆరనివ్వకు," అని మాత్రం అంది.

సగం ఊరు రాళ్ళ మీదికి దిగింది. మెరిల్, రోవేనా ఒక పక్కన నిలబడ్డారు. వాళ్ళ చుట్టూ ఖాళీ. "వాడి ముఖం చూడు, ఏమీ ఎరగనట్టు," అని ఎవరో వినపడేట్టే అన్నారు. హల్డా నల్ల శాలువా కప్పుకుని వచ్చింది. లోవెల్ ఒక బండరాయి మీద కూర్చున్నాడు.

"హల్డా గారూ," అంది అరబెల్లా, "ఆ రోజు మీరు చూసిన మెరిసే పడవ ఈ రెండింట్లో ఏది?"

హల్డా ముందుకు వచ్చింది. ఒకదాన్ని చూసింది. రెండోదాన్ని చూసింది. మళ్ళీ మొదటిదాన్ని చూసింది. రెండూ లోతు నీళ్ళ రంగులో, ఎండకి తళతళలాడుతున్నాయి.

"ఇదేంటి," అంది. "రెండూ మెరిల్‌దిలాగే ఉన్నాయే!"

"కాల్విన్, ఇక చాలు. బకెట్లు కింద పెట్టు."

గాలి బాగా వీస్తోంది. అరబెల్లా గొంతు పెంచకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఎండకి చచ్చిపోయిన పూత తడిస్తే మళ్ళీ బతికినట్టు కనిపిస్తుంది. సుద్ద మీద నీళ్ళు పోస్తే తెలుపు మాయమైనట్టే. ఆరగానే తెలుపు తిరిగి వస్తుంది. హల్డా గారు అబద్ధం చెప్పలేదు. ఆవిడ చూసింది మెరిసే పడవనే. కానీ ముసురులో ఏ పడవైనా మెరుస్తుంది. మనమందరం 'మెరిసింది' అన్న మాట పట్టుకుని, వాన సంగతి మరిచిపోయాం."

"మరి ఆ నీలం రంగు?" అన్నాడు హాస్కెల్.

"ఎజ్రా పడవ కాన్వాసులో ఇరుక్కున్నది పొడి. మెరిల్ పడవని నేను రుమాలుతో ఎంత గట్టిగా రుద్దినా రవ్వ పొడి రాలేదు. వాటర్ పేపర్‌తో ఆ సుద్దంతా తీసేసి పైన వ్యాక్సు పట్టించాడు. ఇక రాలడానికేముంది? రెండో పడవని కాల్విన్ ఒక్కసారి పట్టుకుంటే చెయ్యి మోచేతి దాకా నీలమైంది. ఆ కోటు ఇదిగో."

కాల్విన్ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. గుంపులో గొణుగుడు మొదలైంది.

"ఇంకొకటి ఉంది," అంది అరబెల్లా. "సుద్ద పట్టిన ఒంటికి తడి కాన్వాసు బలంగా రాసుకుంటే, అది వాటర్ పేపర్ చేసే పనే చేస్తుంది. రాసుకున్నంత మేరా పొడి పోయి లోపలి రంగు బయటపడాలి. తడిగా ఉన్నన్నాళ్ళూ అది కనిపించదు. నేనూ ఇంతవరకూ చూడలేదు. ఉండి తీరాలని మాత్రం లెక్క కట్టాను."

అప్పటికి లోవెల్ పడవ ఆరుతోంది. ముందు పై అంచున, తర్వాత పక్కల మీద, నిగనిగలాడే నీలం మీదికి పాలిపోయిన తెలుపు మెల్లగా పాకింది. చూస్తూ ఉండగానే పడవ ముసలిదైపోయింది. కానీ కుడి పక్కన, ముక్కు దగ్గర మొదలై వెనక దాకా, తెడ్ల పడవ అంచు ఎత్తులో, బెత్తెడు వెడల్పున ఒక ముదురు నీలం చార మాత్రం అలాగే నిలిచిపోయింది.

రాళ్ళ మీద ఉన్న ప్రతి కన్నూ దాన్నే చూస్తోంది.

"లోవెల్ గారూ," అంది అరబెల్లా మెత్తగా, "మీ పడవ మీద ఆ చార ఎప్పటిది?"

లోవెల్ తల తిప్పి పడవ వైపు చూశాడు. కళ్ళు చికిలించాడు.

"ఏ చార?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళు గులకరాళ్ళ మీదికి వచ్చి వెనక్కి పోతున్న చప్పుడు వినిపించింది. ఆ నిశ్శబ్దంలో లోవెల్‌కి సంగతి అర్థమైంది. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కసారిగా కుంచించుకుపోయాడు.

"తప్పు చేసినవాడు దీన్ని ఎందుకు దాచలేదా అనే నన్ను నేను ప్రశ్నించుకున్నాను," అంది అరబెల్లా. "ఒక టైరు వేలాడగట్టినా సరిపోయేది. దాచనిది ధైర్యంతో కాదు. ఆయనకి కనిపించలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషికి అంత మీసం ఉన్నా కనిపించలేదు. టీ కప్పు నిండేది కనిపించదు, వేలితో తెలుసుకుంటాడు. తన బోనుల బెండ్లకి మంటరంగు వేసుకున్నాడు. అదొక్కటే నీళ్ళ మీద ఆయనకి ఆనవాలు. ఎన్నాళ్ళ నుంచి లోవెల్ గారూ?"

"రెండేళ్ళు," అన్నాడు లోవెల్. "అంచులు కాస్త కనిపిస్తాయి. మధ్యలో ఏమీ లేదు. డాక్టరు బాగుచెయ్యలేనన్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పడవ ఎక్కనిస్తారా? పడవ లేకపోతే నేనెవర్ని? రేవంతా నా చేతిలో రేఖలా తెలుసు, చూడక్కర్లేదనుకున్నా." మోకాళ్ళ మధ్య చేతులు గట్టిగా నొక్కుకున్నాడు. "టక్కుమని తగిలింది. కొయ్యదుంగ అనుకున్నా. అప్పుడు కేక వినిపించింది."

మెరిల్ ఒక అడుగు ముందుకు వేశాడు. రోవేనా అతని చొక్కా పట్టుకుంది. అతను ఆగాడు గాని మాట ఆగలేదు. "మామా, నా పిల్లల గదిలో రాయి పడింది. నువ్వొచ్చి ఆ గాజుముక్కలు ఏరావు. నాతో కలిసి ఏరావు!"

లోవెల్ తలెత్తలేదు. "ఏరాను. రోజూ చెబుదామనే అనుకున్నానురా. రోజూ రేపనుకున్నా."

"రేడియోలో ఎందుకు పిలవలేదు?" అన్నాడు హాస్కెల్. "పక్కనే నాలుగు పడవలున్నాయి. వచ్చేవాళ్ళు కదా!"

"వస్తే తెలిసిపోతుంది. నేనే వెతికి తీసేద్దామనుకున్నా. ఇంజను ఆపి, గొంతు ఎటు నుంచి వస్తే అటు తిరిగా. మళ్ళీ తిరిగా. అంతా ఒకటే బూడిదరంగు. కాసేపటికి గొంతు ఆగిపోయింది."

అందుకే ఆ పడవ చుట్టూ తిరిగింది. చంపినవాడు ఖాయం చేసుకోవడానికి తిరిగాడని ఊరంతా చెప్పుకున్నది ఆ తిరుగుడునే. ఇందాక మెరిల్‌ని ఎత్తిపొడిచిన మనిషి ఇప్పుడు రాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు.

హల్డా నెమ్మదిగా లోవెల్ ముందుకు వచ్చి నిలుచుంది.

"ఏమని అరిచాడు?" అంది.

"వద్దు హల్డా."

"ఆయన నా మొగుడు. ఆఖరి మాట నాకు చెందాలి. ఏమని అరిచాడు?"

లోవెల్ ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. మాట వేళ్ళ సందుల్లోంచి వచ్చింది.

"'ఎడమకి లోవెల్,' అన్నాడు. 'ఎడమకి తిప్పు. ఇంకా ఎడమకి. ఇక్కడున్నాన్రా,' అన్నాడు. తిట్టలేదు. ఎందుకు గుద్దావని అడగలేదు. దారి చెప్పాడు." వెక్కిళ్ళ మధ్య ఊపిరి తీసుకున్నాడు. "వాడికి తెలుసు హల్డా. నా కళ్ళ సంగతి వాడికి ఎప్పట్నించో తెలుసు. ఒక్కనాడూ నాతో అనలేదు."

హల్డా శాలువా గాలికి కొట్టుకుంటోంది.

చంపాలని చంపలేదు కాబట్టి దాన్ని హత్య అనలేనని అరబెల్లా హాస్కెల్‌తో చెప్పింది. కేక విని కూడా సాయం పిలవకపోవడాన్ని, చెయ్యని నేరం ఇంకొకడి నెత్తిన పడుతుంటే ఊరుకోవడాన్ని ఏమనాలో న్యాయస్థానమే తేల్చాలి. హాస్కెల్ టోపీ తీసి, మెరిల్ దగ్గరికి వెళ్ళి ఏదో అన్నాడు. మెరిల్ తల తిప్పుకున్నాడు. భార్య చెయ్యి పట్టుకుని, జనం వదిలిన దారిలోంచి ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

"మీరు గెలిచారు," అన్నాడు కాల్విన్, అలవాటుగా. అంటూనే ఆ మాట తనకే నచ్చక ఆగిపోయాడు. అరబెల్లా గోనెసంచులు మడుస్తోంది. ఆమె చేతులు చలికి ఎర్రబడ్డాయి.

హాస్కెల్ వచ్చి లోవెల్ భుజం తట్టాడు. ముసలాయన లేచాడు. జెట్టీ మీదికి వెళ్ళాలంటే ముందు పాచి పట్టిన రాళ్ళు దాటాలి, ఆ తర్వాత ఏటవాలుగా ఉన్న చెక్కమెట్లు ఎక్కాలి. ఇన్నాళ్ళూ అతను ఆ దారిలో ఎవరికీ అనుమానం రాకుండా ఎలా నడిచాడో గాని, ఇప్పుడు దాచడానికి ఏమీ మిగల్లేదు. చేతులు ముందుకు చాచి, తడుముకుంటూ, రెండు అడుగులు వేసి ఆగిపోయాడు.

అంతమంది చూస్తున్నారు. ఒక్కరూ కదల్లేదు.

హల్డా వెళ్ళి అతని మోచెయ్యి పట్టుకుంది.

"నిన్ను క్షమించలేదు లోవెల్," అంది. "ఇక్కడ మెట్టుంది. కాలెత్తు."